హాస్య వంత ఎవరి పక్కన?

సింగరేణి బొగ్గు పేరు దేశమంతా తెలుసు. అది ఒక పల్లె పేరనీ, ఆ పల్లె ఖమ్మం జిల్లాలో కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలంలోదనీ చాలామందికి తెలియదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు కనిపెట్టాడు. 1920లో ఏర్పడిన కంపెనీ ఈ పల్లె పేరే పెట్టుకుంది. ఇవాళ్టికీ కారేపల్లి జంక్షన్ దగ్గర పట్టాలు రెండు పాయలవుతాయి. ఒకటి జనం బొగ్గుట్ట అని పిలుచుకునే ఇల్లెందుకు పోతుంది, రెండోది కొత్తగూడెం వైపు.

మార్చి దాటితే ఇక్కడ ఎండ ముదురుతుంది. జనం తునికాకు కోతకు అడవి బాట పట్టకముందే, వడదెబ్బ గురించీ మారుతున్న వాతావరణం గురించీ ఒక సాయంత్రం కార్యక్రమం పెట్టాలని ఊళ్లో కుర్రాళ్లు అనుకున్నారు. టీవీలో పేరున్న కమెడియన్‌ను పిలిస్తే జనం కదిలి వస్తారని వాళ్ల ఆలోచన. దాని మీద ఒక మామయ్యకూ మేనకోడలికీ వాదం నడిచింది. ఆయన ఇల్లెందు గనుల్లో పనిచేసి రిటైరైనవాడు. వయసులో ఉండగా యూనియన్ సభల్లో బుర్రకథ దళంలో హాస్య వంతగా నిలబడ్డాడు. ఆమె సర్కారు బడిలో సైన్సు టీచరు. ఇద్దరినీ ఎరిగినవాణ్ణి కాబట్టి విన్నది రాస్తున్నాను. నాకు తోచినచోట నా మాట కూడా కలుపుతాను.

మామయ్య: వచ్చేవాణ్ణి రానియ్యి బిడ్డా. మనం మైకు పెట్టి గొంతు చించుకున్నా రాని జనం, కమెడియన్ మొహం చూడ్డానికి వస్తారు. వచ్చినప్పుడు నాలుగు మంచి మాటలు చెవిన పడితే తప్పేంది?

మేనకోడలు: చెవిన పడవు మామయ్యా. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఆయన అరగంట నవ్వించి, చివర్లో ‘చెట్లు నాటండి’ అని చెప్పి కారెక్కుతాడు. మర్నాడు ఎవర్నైనా అడిగి చూడు. జోకులు వరసగా అప్పజెప్తారు. ఎండ గురించి ఏం చెప్పాడంటే తెల్లమొహం వేస్తారు.

మామయ్య: అట్లా అయితే కన్యాశుల్కం మీద కూడా అదే మాట అనాలి. 1892లో విజయనగరంలో ఆడినప్పటి నుంచీ జనం పగలబడి నవ్వుతూనే ఉన్నారు. పసిపిల్లల్ని ముసలాళ్లకు అమ్ముకునే దరిద్రం మీద అంత నవ్వు! కన్నీళ్లు పెట్టించి నీతులు చెప్పిన నాటకాలు ఎన్ని రాలేదు, ఎన్ని గుర్తున్నాయి?

మేనకోడలు: ఆ నాటకంలో సంస్కరణ గురించి అందరికంటే గట్టిగా మాట్లాడేది ఎవరు? గిరీశం. లెక్చర్లు దంచేదీ ఆయనే, అందర్నీ ముంచేదీ ఆయనే. గురజాడ మనల్ని నవ్వించింది అట్లాంటి వాళ్ల మీద. ఈ కుర్రాళ్లు గురజాడను పిలుస్తున్నామనుకుని గిరీశాన్ని పిలుస్తున్నారేమోనని నా భయం.

మామయ్య: గట్టిగానే కొట్టావు. కానీ అందర్నీ ఒక గాటన కట్టకు. వివేక్ లేడూ? మన అపరిచితుడులో చారి వేషం వేసిన తమిళాయన. తెరమీద నవ్విస్తూనే మూఢనమ్మకాలనూ లంచాలనూ ఉతికేవాడు. కలాం గారి మాట పట్టుకుని కోటి మొక్కలు నాటిస్తానని పూనుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో పోయేనాటికి 33 లక్షలు దాటించాడు. అభిమానులు ఆయన పేరు మీద మళ్లీ మొక్కలే నాటారు. నవ్వించేవాడు మాట నిలబెట్టుకోడని ఎట్లా అంటావు?

మేనకోడలు: వివేక్ గారి సంగతి వేరు. ఆయన ఆ పనిని ఏళ్ల తరబడి మోశాడు. నాకు కోపం వచ్చేది సాయంత్రానికి వచ్చి రాత్రికి పోయేవాళ్ల మీద. పైగా సినిమావాళ్ల హాస్యం ఎటువైపు పనిచేస్తుందో కూడా చూశాం. 2021లో అల్లు అర్జున్ చేసిన ర్యాపిడో ప్రకటన గుర్తుందా? దోసెలు పోసేవాడి వేషంలో, ఆర్టీసీ బస్సెక్కితే మసాలా కూరినట్టు కూరేస్తారని జోకేశాడు. బైకు టాక్సీ ఎక్కమని చెప్పడానికి! అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ నోటీసు పంపాల్సి వచ్చింది. నలభై, యాభై మందిని ఒక్క ఇంజను మీద మోసే బండి బస్సు. తలా ఒక బైకు మీద పోతే ఎంత పెట్రోలు తగలబడుతుంది? వాతావరణానికి మేలు చేసే బండిని జనం చూసి నవ్వుకునేలా చేసింది మరి సెలబ్రిటీ హాస్యమే కదా.

మామయ్య: చూశావా, నవ్వుకు బలం ఉందని నువ్వే ఒప్పుకున్నావు! బలం లేకపోతే ఆర్టీసీ ఎందుకు ఉలిక్కిపడుతుంది? ఆ తర్వాత సజ్జనార్ ఏం చేశాడు? సినిమా మీమ్స్‌తోనే బస్సు ఎక్కండని ప్రచారం చేశాడు. నవ్వుతో పోగొట్టుకున్నది నవ్వుతోనే రాబట్టుకున్నారు.

ఇక్కడ నాకు మామయ్య వాదమే బలంగా తోచింది. పొగ లెక్కలు చెప్పి బస్సెక్కించడం కష్టం. బస్సెక్కడం నామోషీ అన్న భావన ఒక జోకుతో వచ్చింది, అది జోకుతోనే పోవాలి. అయితే ఆమె ఊరుకోలేదు.

మేనకోడలు: బలం ఉందనే నేనూ అంటున్నా. అది ఎటు పోతుందన్నదే నా ప్రశ్న. 2022 జూలై తీసుకో. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీళ్లు అప్పుడే. ముంపు చూడ్డానికి వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, క్లౌడ్ బరస్ట్ వెనక విదేశాల కుట్ర ఉందేమోనని అనుమానం వెలిబుచ్చారు. ఇక ఫోన్ల నిండా మీమ్స్. తెలుగు మీమ్ అంటేనే బ్రహ్మానందం మొహం కదా, చూసి అందరం నవ్వుకున్నాం. మరి అంత వాన నిజంగా ఎందుకు కురుస్తోందని ఎవరైనా అడిగారా? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుతుంది. కురిసినప్పుడు కుమ్మరిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఐదు నిమిషాల్లో అర్థమయ్యే సంగతి. ఆ నవ్వుల్లో అది కొట్టుకుపోయింది.

మామయ్య: అందులో తప్పు నవ్వుది కాదు బిడ్డా, అక్కడ కథకుడు లేడు. మా దళంలో నేను నవ్వించిన మరుక్షణం కథకుడు తంబూర ఎత్తి కథ అందుకునేవాడు. జనం నోళ్లు తెరుచుకుని ఉన్నప్పుడే మాట లోపలికి పోవాలి. మీ ఫోన్లలో అందరూ హాస్య వంతలే, కథకుడే కరువు.

బుర్రకథ చూడని తరానికి ఇది కొంచెం వివరించాలి. నడుమ కథకుడు తంబూరతో, ఇరుపక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత వర్తమాన రాజకీయాన్ని ఎత్తుకుంటాడు, రెండో వంత నవ్విస్తాడు. ముగ్గురూ కథ మొదటి నుంచి చివరిదాకా పక్కపక్కనే నిలబడతారు. 1940లలో ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూరా తిప్పింది. పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ బెంగాల్ కరువును కూడా బుర్రకథగా చెప్పాడు. లక్షల మంది ఆకలితో ప్రాణాలు విడిచిన కరువు అది. అట్లాంటి కథ పక్కన కూడా హాస్య వంతకు చోటుందంటే, విపత్తు మీద హాస్యం అన్నది మనం అమెరికా నుంచి నేర్చుకోవాల్సిన విద్య కాదు. మనకున్న విద్యను మనం వాడటం మానేశాం.

మేనకోడలు: బయటి దేశాల్లో కూడా కథకుడు ఉన్నప్పుడే పనిచేసింది మామయ్యా. 2014లో జాన్ ఆలివర్ అనే కమెడియన్ ఒక పని చేశాడు. అక్కడి టీవీల్లో భూమి వేడెక్కడం గురించి చర్చ పెడితే, అవునని ఒకరినీ కాదని ఒకరినీ కూర్చోబెడతారు. చూసేవాడికి చెరి సగం అనిపిస్తుంది. కానీ వాతావరణ శాస్త్రవేత్తల్లో నూటికి 97 మంది అవునంటున్నారు. అందుకని ఆయన కాదనే ముగ్గుర్ని ఒకవైపు, అవుననే 97 మందిని ఇంకోవైపు ఒకే గదిలోకి తోలాడు. ఆ తోపులాటలో ఎవరి మాటా వినబడదు.

మామయ్య: ఆహా! అది మన పగటివేషగాళ్లు చేయాల్సిన పని. లెక్కను కళ్లముందు నిలబెట్టాడు.

మేనకోడలు: మెచ్చుకుంటా. ఇంగ్లండులో జో బ్రాండ్ లాంటి కమెడియన్లు శాస్త్రవేత్త పక్కనే కూర్చుని, ఆయన చెప్పిన ఒక్కో వాక్యాన్నీ మొరటుగా, మామూలు జనం మాటల్లో మళ్లీ చెప్పారు. అక్కడ సైంటిస్టు కథకుడు, ఆమె వంత. కానీ అమెరికాలో కొందరు పరిశోధకులు యువతకు భయపెట్టే వీడియో ఒకటి, నవ్వించే వీడియో ఒకటి చూపించి, తేలిన సంగతిని 2018లో అచ్చేశారు. ఏదో ఒకటి చేద్దామన్న ఉద్దేశం రెండింటి వల్లా పెరిగింది. ముప్పు ఎంత పెద్దదన్న భావన మాత్రం భయపెట్టిన దానివల్లే పెరిగింది. నవ్వు ఉత్సాహం ఇస్తుంది గానీ ముప్పును తేలిక చేస్తుందేమో ఆలోచించు.

మామయ్య: భయం కొత్తగా పెంచాలా ఇక్కడ? 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. తునికాకు కట్టలు మోసే ఆడకూతురికి ఎండ అంటే ఏందో నువ్వు చెప్పాలా? ఆమెకు భయం ఉంది. ఏం చేయాలో, ఎవర్ని అడగాలో తెలియదు. భయపడ్డవాణ్ణి ఇంకా భయపెడితే ముసుగేసుకుని పడుకుంటాడు. గనిలో పైకప్పు సద్దు చేస్తున్నప్పుడు మేం జోకులేసుకునేవాళ్లం. ప్రమాదం లేదని కాదు. చేతులు వణకకుండా పని జరగాలని.

మేనకోడలు: అయితే ఇది చెప్పు. 2024 సెప్టెంబరు 1. మున్నేరు ఖమ్మం కాలనీల మీద పడింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి తీసుకొచ్చాడు. ఆ రోజే ఆకేరు వాగు మన మండలంలో ఒక ఇంటికి తీరని దుఃఖం తెచ్చింది. ఆ ఇంటిపేరు నేను ఎత్తను. వాళ్ల వాకిట్లో నిలబడి నీ హాస్య వంత ఏం జోకు వేస్తాడు?

మామయ్య: వెయ్యడు. కథ చావు దగ్గరికి వచ్చినప్పుడు మేం నోరు మూసుకునేవాళ్లం. ఎప్పుడు ఊరుకోవాలో తెలియనివాణ్ణి మా గురువు వంతగా నిలబెట్టేవాడు కాదు. వాగు మీద వంతెనకు ఎన్నికల ముందల్లా కొబ్బరికాయ కొట్టేవాడున్నాడే, జోకు వాడి మీద. నీళ్లు వచ్చే తోవలో ప్లాట్లు కోసి అమ్మేవాడి మీద. కరువు కథలో ఆకలిగా ఉన్నవాణ్ణి చూసి నవ్వకూడదు, బియ్యం దాచినవాణ్ణి చూసి నవ్వాలి.

మేనకోడలు: టీవీ స్కిట్లలో జోకు ఎవరి మీద ఉంటుంది? లావుగా ఉన్నవాళ్ల మీద, నల్లగా ఉన్నవాళ్ల మీద, మన యాస మీద. అట్లా అలవాటైన మనిషి వచ్చి వడదెబ్బ స్కిట్ వేస్తే ఎండలో సొమ్మసిల్లి పడిపోయే ముసలమ్మ వేషం కడతాడు. అందరూ నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లలోనే రేపు పడిపోయేవాళ్లుంటారు. వనజీవి రామయ్య గారిని చూడు. మన ఖమ్మం పక్కన రెడ్డిపల్లి మనిషి. సైకిల్ మీద మొక్కలు, జేబులో విత్తనాలు, తలకు వృక్షో రక్షతి రక్షితః అన్న అట్ట. మొదట్లో జనం ఆయన్ని పిచ్చోడని నవ్వారు. 2017లో పద్మశ్రీ ఇచ్చాకే కొందరికి ఆయన మనిషిగా కనబడ్డాడు. మన జిల్లాలో వాతావరణం గురించి పుట్టిన మొదటి నవ్వు చెట్లు పెంచేవాడి మీదే పుట్టింది.

మామయ్య: ఆయన ఆ నవ్వుకు కుంగలేదు. వేషం తియ్యలేదు. పెళ్లికి పోయినా మొక్కే కానుక. నవ్వుకోవడానికి తలతిప్పి చూసినవాడు ఆ అట్ట మీద రాత చదవక తప్పదు. కోటికి పైగా మొక్కలంటారు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా అదే పని, అదే వేషం. నేను కమెడియన్‌ను పిలవమనేది ఎందుకంటే, అట్లాంటి మనిషి మాట వినడానికి జనాన్ని కూర్చోబెట్టగలడని.

నాకు ఇక్కడొకటి చెప్పాలనుంది. వివేక్‌లోనూ రామయ్య గారిలోనూ నేను గౌరవించేది ఒకటే. ఒకాయన సినిమా నటుడు, ఒకాయన పల్లెటూరి మనిషి. ఇద్దరూ జనం కళ్లు తమ మీద పడే తోవ ఎరిగినవాళ్లు. ఆ చూపును తమ దగ్గరే ఉంచుకోకుండా మొక్క మీదికి మళ్లించారు, మరుసటి ఏడు మళ్లీ అదే మొక్క దగ్గరికి వచ్చారు. పేరున్నవాడు జనాన్ని పోగుచేయగలడు, సందేహం లేదు. ఆ తర్వాత వేసవిలో కూడా ఆ మాట మీద నిలబడతాడా అన్నది ముందే తేల్చుకోకుండా పిలవడం నాకూ ఇష్టం లేదు. ఇక వాళ్ల వాదం అసలు ముడి దగ్గరికి వచ్చింది.

మేనకోడలు: చెట్ల మాట ఎత్తడం తేలిక మామయ్యా, ఎవరికీ నొప్పి ఉండదు. బొగ్గు మాట ఎత్తమను. మన మండలం పేరు పెట్టుకున్న కంపెనీ ఏడాదికి ఏడు కోట్ల టన్నుల దాకా తీస్తోంది. టన్ను బొగ్గు కాలిస్తే సుమారు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. 2024లో భూమి సగటు వేడి, పరిశ్రమలు రాకముందుకంటే ఒకటిన్నర డిగ్రీ దాటింది. కారేపల్లిలో వాతావరణం గురించి మాట్లాడి పట్టాల మీద పోయే బొగ్గు వ్యాగన్లను చూడనట్టు నటిస్తే, ఆ కార్యక్రమం ఎందుకు? ఎత్తితే నీ యూనియన్ వాళ్లే లేచి పోతారు. నువ్వైనా వేస్తావా సింగరేణి మీద జోకు?

మామయ్య కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

మామయ్య: నా ఇల్లు బొగ్గుది. పిల్లల చదువు బొగ్గుది. గనిలోకి దిగినవాడి మీద ఎవడన్నా జోకేస్తే అందరికంటే ముందు నేను లేస్తా. కాలుతున్నది ఎవరికోసమో అది చెప్పాలి. పట్నంలో ఒకాయన ఏసీ పద్దెనిమిదిలో పెడతాడు. చలేసి దుప్పటి కప్పుకుంటాడు. ఆ దుప్పటి సుఖానికి మన బొగ్గుట్ట కాలుతోంది, ఆ వేడికి ఇక్కడ ఆకు కోసేది సొమ్మసిల్లుతోంది. దుప్పటి కప్పుకున్న ఆ పెద్దమనిషి వేషం నాకియ్యి, పది నిమిషాలు ఆడిస్తా.

మేనకోడలు: బాగుంటుంది. అందరూ నవ్వుతారు. ఆ ఏసీ మనిషి మాత్రం ఆ జనంలో ఉండడు. దూరాన ఉన్నవాడి మీద నవ్వుకుని, మనకేం సంబంధం లేదని ఇళ్లకు పోతారు. ఓపెన్ కాస్టు దుమ్ములో బతికే ఊళ్ల సంగతి ఎవరు చెప్తారు? గనులు ఎప్పటికైనా తగ్గితే నీ మనవడికి ఏం పని ఉంటుందో ఎవరు అడుగుతారు? ఆ కంపెనీయే సోలార్ ప్లాంట్లు కూడా పెడుతోంది కదా, అందులో మనవాళ్లకు ఎన్ని కొలువులు?

మామయ్య: అది నవ్వుతో అయ్యే పని కాదు. దానికి రాజకీయ వంత కావాలి. నేను నవ్వు అన్నిటికీ మందని ఎప్పుడన్నాను? ఇక మనల్ని చూసి మనం నవ్వుకునేవి కూడా ఉన్నాయి. ఎండకు బీరు చలవ అని మిట్టమధ్యాహ్నం తాగి ఒంట్లో నీళ్లు పోగొట్టుకునేవాడు మన వాడకట్టులోనే ఉన్నాడు. వాణ్ణి నేను ఆడి చూపిస్తా. వాడు కూడా నవ్వుతాడు.

మేనకోడలు: ఆ వేషం ఒప్పుకుంటా. దాని వెంటనే నేను ఓఆర్‌ఎస్ గురించీ మజ్జిగ గురించీ చెప్తా. ఇంకోటి. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోతే కుటుంబానికి నాలుగు లక్షలు ఇవ్వాలి. తండాల్లో ఎంతమందికి తెలుసు ఇది? నాకు ఆ సాయంత్రం నుంచి కావాల్సింది అదే. ప్రతి మనిషీ ఆ సంగతి తెలుసుకుని ఇంటికి పోవాలి.

మామయ్య: అయితే టీవీ ఆయన్ని పిలుద్దామా వద్దా?

మేనకోడలు: రెండు రోజులు ముందు రమ్మను. మధ్యాహ్నం పూట నాతో తండాలకు రావాలి, ఎండలో పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడాలి. స్కిట్ ఆ తర్వాత రాసుకోవాలి. స్టేజీ మీద మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. వచ్చే వేసవికి మళ్లీ వస్తానని ఇక్కడి జనం ముందు మాటివ్వాలి.

మామయ్య: రాడు.

మేనకోడలు: రాకపోతే నువ్వున్నావు.

మామయ్య: నా గొంతు పోయి చాలాకాలమైంది. సరే, హాస్యం నేను చూసుకుంటా. కథ నువ్వు చెప్పు. రాజకీయ వంత ఎవరు? బొగ్గు మాట ఎత్తేవాళ్లు కావాలంటివి కదా.

మేనకోడలు: ఓపెన్ కాస్టు పక్క ఊరి నుంచి ఒక డిగ్రీ పిల్లను తెస్తా. బాగా మాట్లాడుతుంది, ఎవరికీ జంకదు. ఆమె సింగరేణి గురించి మాట్లాడుతున్నప్పుడు నువ్వు అడ్డం పడకూడదు.

మామయ్య: అడ్డం పడను. వంత పాడతా. కానీ గని కార్మికుణ్ణి ఒక్క మాట అన్నదో, ఆట ఆపి అక్కడే ఆమెతో వాదిస్తా. జనం ముందే.

మేనకోడలు: వాదించు. నాకు అదే కావాలి.